పో, రా, నిల్లు, దిగు: గేరు లేని బండి కోసం ఆర్కాడు దాకా

నేను రాసేవాణ్ణి కాదు. సెంట్రింగ్ మేస్త్రీని. ఇంటికి స్లాబు పోసే ముందు కింద పలకలూ కర్రలూ కట్టి నిలబెట్టేది మా పని. చదివింది ఐదో తరగతి. అదీ పలమనేరు పక్కన మా అమ్మమ్మ ఊళ్ళో, కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చాయి. మా గుడియాత్తంలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధివీధికీ ఉన్నారు, చదివేవాళ్ళను మాత్రం వెతకాలి. అదొక ధైర్యం నాకు. ఈ కాగితాల్లో ఎవరి మీద కోప్పడ్డానో వాళ్ళకు తెలిసే దారి లేదు.

రాయడానికి కారణం కూడా కోపమే. మొన్న కారు కోసం వేలూరు, మేల్పాడి, ఆర్కాడు తిరిగి వచ్చాం. మేం ఇల్లు చేరేలోపే ఊళ్ళో ఒక కథ వచ్చి కూర్చుంది. కుంటి మేస్త్రీ కాలు అందక కారును మూటలకు గుద్దాడట. గుద్దిన మాట నిజం. కాలు అందక అన్నది అబద్ధం. ఆ ఒక్క ముక్క సరిచేయాలంటే మొదటినుంచీ చెప్పాలి. తప్పులుంటే మన్నించండి.

గుడియాత్తం బస్టాండు

మూడేళ్ళ కిందట పనిలో సారం, అదే మేం ఎక్కి నిలబడే కర్రల కట్టు, విరిగి పైనుంచి పడ్డాను. ఎడమ మోకాలు మడత పడదు, పాదంలో పట్టు లేదు. కుడికాలు మాత్రం రాయిలా ఉంది. ఏం లాభం? మోటారు సైకిలుకు గేరు ఎడమ కాలితో, కారుకు క్లచ్ ఎడమ కాలితో. పడకముందు పన్నెండేళ్ళు మా పనిసామాన్ల టెంపో నేనే తోలినవాణ్ణి. పడ్డాక మూడేళ్ళుగా బామ్మర్ది మునిరత్నం బండి వెనక సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను. వాడు బయల్దేరినప్పుడు ఎక్కాలి, వాడు ఆపినచోట దిగాలి.

ఎడమ కాలితో పని లేని బండయితే తోలొచ్చని డాక్టరు రాసిచ్చాడు. లైసెన్సులో కూడా అలాగే రాయించుకున్నాను. అది వినగానే ఊరంతా ఒకే పాట: సైడు చక్రాల స్కూటరు కొనుక్కో. చుట్టాలదీ అదే మాట, టీ అంగడి వాడిదీ అదే మాట. నాకు కావాల్సింది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నేల మీద పాకినట్టు పోతుందే, అది. ఎందుకు అని అడుగుతారు. బుల్లెట్టు కొన్నవాణ్ణి ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగారా? కాలు పోయినవాడికి ఆశ కూడా పోవాలా? పైగా పాతవి పెద్ద ధర పలకవు. ఇద్దరే పట్టే కారు మా జిల్లాలో ఎవరికి కావాలి?

మునిరత్నమూ నేనూ కలిసే పనులు ఒప్పుకుంటాం, కాబట్టి కారు కూడా ఇద్దరిదీ అనుకున్నాం. గొడవంతా అక్కడే మొదలైంది. వాడికి గేరు బండి కావాలి. గేరు బండి కొంటే నేను జీవితాంతం పక్క సీట్లోనే.

ఉదయం బస్సులో ముగ్గురం కూర్చున్నాం: నేను, నా భార్య కస్తూరి, ఆమె తమ్ముడు మునిరత్నం. బస్సు కదలకముందే వాడు అందుకున్నాడు.

"స్పోర్ట్స్ కారంటే గేరుండాల బావా. చేత్తో గేరెయ్యకుండా, స్విచ్చేస్తే తిరిగేదానికి అదేమన్నా గ్రైండరా?"

కస్తూరి కిటికీలోంచి తల తిప్పకుండానే అంది: "గ్రైండరొచ్చినాక నువ్వెప్పుడన్నా రోలు దగ్గిరికి పోయినావా? దోసెలు మాత్రం పది లాగిస్తావే!"

ముందు సీట్లో మల్లెపూల గంపతో కూర్చున్న ముసలామె నవ్వింది. మునిరత్నం ఆమెను కూడా వదల్లేదు. తమిళంలో అడిగాడు, పాటీ, గేరు వండియా, గేరు ఇల్లాద వండియా అని. అవ్వా, గేరున్న బండా, లేని బండా అని. ఆమె, "బ్రేకు ఇరుక్కా? అదు పోదుం," అంది. బ్రేకు ఉంటే చాలునట. ఆ రెండు రోజుల్లో నేను విన్న మాటల్లో బుద్ధి ఉన్న మాట అదొక్కటే.

వేలూరు

వేలూరులో టీ పన్నెండు రూపాయలు. మా ఊళ్ళో పది. రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నందుకు గ్లాసన్నా పెద్దదా అంటే అదీ లేదు, ఇంకా చిన్నది. నురగ మాత్రం గ్లాసు మీద గోపురంలా లేపుతారు.

పాత కార్లు అమ్మే చోటు కాట్పాడి రోడ్డు మీద ఉంది. తెల్లచొక్కా ఆయన ఎదురొచ్చి రండి రండి అన్నట్టు వాంగ, వాంగ అంటూ మునిరత్నం చేతిలో తాళం పెట్టాడు. నన్ను చూశాడు, నా చేతికర్రను చూశాడు, లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. "నువ్వు కూచో పెద్దాయనా, నీడలో," అన్నాడు. నాకు నలభై ఆరు. తలకు రంగు కూడా వేయను, ఇంకా నల్లగానే ఉంది. కర్ర పట్టుకుంటే పెద్దాయన అయిపోతామా?

కుర్చీలో కూర్చోలేదు. పోయి కారులో కూర్చున్నాను.

ఎర్రటి బండి. సీటు ఎంత కిందికి ఉందంటే, ముందు వెనక్కి పడిపోయినట్టు కూర్చుని, తర్వాత రెండు చేతులతో ఎడమ కాలిని ఎత్తి లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. మునిరత్నం తోలాడు. బైపాసు మీద మూడో గేరులోంచి రెండుకు దించి తొక్కినప్పుడు ఇంజను గొంతు మారింది చూడండి, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. అబద్ధం చెప్పను. గేరు బండి గేరు బండే. దాన్ని తోలేవాడు బండితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కోపం నాకు దాని మీద కాదు.

తిరిగి వచ్చాక తెల్లచొక్కా ఆయన్ను అడిగాను, ఇదే మోడల్ ఆటోమేటిక్ ఉందా అని. ఆయన నాకు చెప్పకుండా మునిరత్నానికి చెప్పాడు.

"ఆర్కాడులో ఒకటి ఉండాది. బియ్యం మండీ ఓనరుది. ఆనా సార్, అదు లేడీస్ వండి. లేదంటే వయసానవంగ వండి. గేరు వండి ఓట్టినాదాన్ డ్రైవరు!"

ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ ఆటోమేటిక్, గేరు బండి తోలితేనే డ్రైవరు. ఇదీ ఆయన చెప్పింది. కస్తూరి చెంగు నడుముకు చెక్కింది.

"లేడీసంటే ఏంటికన్నా అంత లోకువ? పదైదేండ్లు నెత్తిన కాంక్రీటు తట్ట మోసి మూడో మాళిగెకు ఎక్కినాను. నువ్వొక్క తట్ట మోసి చూపీ, నీ ఎర్ర బండి ఇప్పుడే కొంటాము."

ఆయన చల్లబడ్డాడు. కానీ ఒక మాట చెప్పాడు, అది న్యాయమైన మాట కాబట్టి రాస్తున్నాను. గేరు బండికి క్లచ్ పోతే గుడియాత్తంలో ఏ మెకానిక్కయినా చూస్తాడు. ఆటోమేటిక్‌కు లోపల గేర్ల పెట్టె చెడితే మెడ్రాసుకు మోసుకుపోవాలి. ఒప్పుకుంటాను. కానీ ఎర్రబండి మా ఇంటి ముందర చెడిపోకుండా పదేళ్ళున్నా, నాకు దానితో ఏం పని?

మేల్పాడి

ఆ సాయంత్రం మేల్పాడిలో కస్తూరి పిన్నమ్మ ఇంట్లో దిగాం. పాత గుళ్ళున్న ఊరు, చుట్టూ చేలు. మా ఊళ్ళో చుట్టం వస్తే ముందు టీ ఇస్తారు. ఇక్కడ ముందు చెంబుతో నీళ్ళు, తర్వాత చేలో ఏం పండిందో ఆ కథ, ఆ తర్వాతే టీ. రాగిసంగటి, పల్లీలు నూరి చేసిన ఊరిబిండి పెట్టారు. మూడు ముద్దలు తిన్నాను. వేలూరు కోపం కొంచెం తగ్గింది.

చిన్నాయన, అంటే పిన్నమ్మ మొగుడు, మంచి రైతు. ఆయనకు తెలియని సంగతి లేదు, తెలియదని ఒప్పుకున్న సంగతి కూడా లేదు. పొద్దున్నే నన్ను పశువుల కొట్టం దగ్గరికి పిలిచాడు.

"ఆటోమేటిక్ బండి నేను బెంగుళూరులో ఎక్కినా నాయనా. దాంట్లో గేరుకు నెంబర్లుండవు. అక్షరాలుంటాయి, నాలుగు."

సుద్దముక్కతో గోడ మీద గీశాడు. ఆయనకు చదవడం రాదు, బొమ్మ గుర్తుపెట్టుకుని గీశాడు. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు, మాటలు రావు. పి, ఆర్, ఎన్, డి అని చదివాను.

"ఆఁ, అవే. ఇదేమంత బ్రహ్మవిద్య? పి అంటే పో. ఆర్ అంటే రా. ఎన్ అంటే నిల్లు. డి అంటే దిగు."

ఎంత సులువుగా ఉంది! పో అంటే పోతుంది, రా అంటే వెనక్కి వస్తుంది, నిల్లు అంటే నిలుస్తుంది, దిగు అంటే మనం దిగొచ్చు. పో, నిల్లు అనే మాటలు తమిళంలోనూ అవే కదా. అందరికీ అర్థం కావాలనే ఇలా పెట్టారని నేను నిజంగా నమ్మాను. మునిరత్నం కూడా నమ్మాడు. వాడు ఎనిమిది చదివాడు. ఊరివాళ్ళు ఆ సంగతి మాత్రం చెప్పరు.

ఆర్కాడు

ఆర్కాడులో దిగగానే బిరియానీ తిన్నాం. పక్కన వంకాయ పులుసు పోస్తారు. మా దగ్గర అడిగితే ఇంకో గరిటె పోస్తారు, ఇక్కడ రెండోసారి అడిగితే ముఖం చూస్తారు. మక్కన్ పేడా ఒకటి ఇరవై ఐదు రూపాయలు. లోపల జీడిపప్పు, ద్రాక్ష ఉంటాయి. ఒకటి కొని ముగ్గురం పంచుకున్నాం. కస్తూరి ముక్క పెద్దదని మునిరత్నం అలిగాడు.

మండీ ఓనరు భోజనానికి పోయి ఉన్నాడు. గుమాస్తా తాళం ఇచ్చి, ఆవరణలోనే ఒక రౌండు వేసుకోమన్నాడు. పసుపు రంగు బండి. తాళం అందుకోవడానికి మునిరత్నం చెయ్యి చాచాడు. అంతకంటే ముందు నేను చాచాను.

మూడేళ్ళ తర్వాత స్టీరింగు ముందు కూర్చున్నాను. బండి స్టార్టు చేశాను. అప్పటికే పి మీద ఉంది. పో. కుడికాలితో తొక్కాను. ఇంజను గర్జించింది, బండి అంగుళం కదల్లేదు. మూటలు మోసేవాళ్ళు పని ఆపి వచ్చి నిలబడ్డారు.

"చూస్తివా బావా," మునిరత్నం కిటికీ దగ్గరికి వంగాడు. "పో అంటే పోనంటాది. పెట్టె పోయినట్టుండాది. ఎర్రదే తీసుకుందాము పా."

ఆగరా అని, బ్రేకు తొక్కి ఆర్ పెట్టాను. రా. బ్రేకు వదిలితే బండి మెల్లగా వెనక్కి వచ్చింది. చిన్నాయన మాట నిజమే! బ్రేకు తొక్కి ఎన్ పెట్టాను. నిల్లు. నిలిచింది. రెండు అక్షరాలు సరిపోయాయి కదా, మిగిలినవీ సరిపోతాయనే ఎవరైనా అనుకుంటారు. పెట్టె సంగతి గుమాస్తాను అడుగుదాం, ముందు దిగుదాం అనుకుని డి పెట్టాను. దిగు. బ్రేకు మీదనుంచి కాలు తీశాను, తలుపు తెరిచాను, కుడికాలు నేల మీద పెట్టాను.

బండి ముందుకు బయల్దేరింది.

ఒక కాలు బయట, ఒక కాలు లోపల. కస్తూరి కేక పెట్టింది. నేను స్టీరింగు పట్టుకుని వెనక్కి పడి, కుడికాలు లోపలికి లాక్కుని బ్రేకు తొక్కేలోపు బండి ముక్కు తవుడు మూటలకు తగిలింది. ఒక మూట పగిలి బానెట్టంతా తవుడు. బండికి గీత కూడా పడలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ బండిని ఆపింది నా కాలే, కుడిది.

సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చాడు. ఆయనా తెలుగువాడే.

"ఎవురు తాళమిచ్చింది ఈయనకి? కాలు చూసుకోవద్దా?"

"కాలు కాదన్నా," అన్నాను. "అక్షరం."

"అక్షరమేందప్పా?"

చెప్పాను. పో, రా, నిల్లు, దిగు. మూటలు మోసేవాళ్ళు విరగబడి నవ్వారు. ఓనరు కూడా పొట్ట పట్టుకుని నవ్వి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. డి అంటే డ్రైవు, తోలడానికి. పి అంటే పార్కింగు, నిలిపి దిగడానికి. అంటే దిగాలంటే పో పెట్టాలట, పోవాలంటే దిగు పెట్టాలట! తలకిందులు చేసి పెట్టిందెవరు, నేనా? తెలుగువాళ్ళ చేతిలో పెట్టే బండికి ఇంగ్లీషు అక్షరం ఒక్కటి గీసి, మాట కూడా రాయకుండా అమ్మినవాళ్ళది తప్పు కాదట, నా కాలిది తప్పట!

నవ్వు అయిపోయాక ఓనరు ముఖం మార్చి మునిరత్నం వైపు తిరిగాడు.

"బండి ఇస్తాను. నీ పేరుకు రాసిస్తాను. ఈయన మాత్రం తోలగూడదు. రేప్పొద్దున ఏమన్నా అయితే నా పేరు చెప్తారు."

నేను మునిరత్నం వైపు చూశాను. ఒక్క మాట అంటాడని చూశాను. వాడు చెప్పులతో తవుడు అటూ ఇటూ కదిలిస్తున్నాడు. మూడేళ్ళు నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు, ఆ రుణం నాకు తెలుసు. కానీ ఆ నిమిషం వాడి మీద వచ్చినంత కోపం ఓనరు మీద కూడా రాలేదు.

మాట్లాడింది కస్తూరి. మండీ గేటుకు ఒక పక్క రాతిస్తంభం సగానికి విరిగి ఉంది. దాన్ని చూపించింది.

"అన్నా, ఆ స్తంభం ఎవురు ఇరగ్గొట్టినారు?"

మూటలు మోసే ఒకాయన టక్కున చెప్పాడు: "లారీ డ్రైవరమ్మా, పోయిన వారం."

"వాడికి కాళ్ళెన్ని?"

ఓనరు చెవి గోక్కున్నాడు.

"రెండున్నోడు రాయి ఇరగ్గొడితే మళ్ళా లోడుకు పిలుస్తావు. మా మామ తవుడు మూట తాకిస్తే బండే ముట్టగూడదా? ఇదేం న్యాయమన్నా?"

ఓనరు నా వైపు తిరిగాడు. "సరే. ఒక్క రౌండు. నేను పక్కన కూచుంటా. బ్రిడ్జి దాకా పోయి వద్దాము."

పాలారు బ్రిడ్జి

డి పెట్టాను. ఈసారి దాని పేరు నోట్లో అనుకోలేదు. గేటు దాటి, సైకిళ్ళు, ఆటోలు, అరటిపళ్ళ బండ్లు దాటి బ్రిడ్జి ఎక్కాను. కింద పాలారులో నీళ్ళు లేవు, ఇసుకే. గాలి మాత్రం దండిగా ఉంది. నా ఎడమ చేతికి ఏం చేయాలో తెలియలేదు. గేరు మీదికి పోయి, పని లేక తిరిగి వచ్చి తొడ మీద కూర్చుంది. ఖాళీ దొరికిన చోట తొక్కాను. వేలూరు ఆయన లేడీస్ బండి అన్నాడే, అది గేరు మార్చిందో లేదో తెలిసేలోపే ముందున్న బస్సు వెనక్కి పోయింది. ఆ ఎర్రబండిలో మునిరత్నం చేతికి అంత చురుకు లేదు. పందెం కట్టి చెప్తాను.

ఎర్రబండితో మాట్లాడొచ్చు అన్నాను కదా. ఈ బండి మాట్లాడనివ్వదు. మనం అనుకునేలోపే చేసేస్తుంది. అది కొంచెం వెలితి, కాదనను. కానీ పన్నెండేళ్ళు టెంపోలో పలకలూ కర్రలూ వేసుకుని తిరిగిన బ్రిడ్జి అది. ఆ బ్రిడ్జి మీద స్టీరింగు నా చేతుల్లో ఉంది. కళ్ళు మండాయి. గాలికి అని ఓనరుకు చెప్పాను.

అటు చివర తిప్పుకుని మండీకి తెచ్చి, బ్రేకు తొక్కి, పి పెట్టి, ఆపాను. ఓనరు తలుపు తెరుస్తూ నా వైపు తిరిగాడు.

"పరవాల్యా. కాలు అట్లుండి కూడా బాగా తోల్తావే," అన్నాడు.

పొగడ్తే అనుకున్నాడు పాపం. మంచి మనిషే. కానీ ఆ 'అట్లుండి కూడా' నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. బాగా తోల్తావే అని అక్కడ ఆపితే ఏం పోయేది?

"బండి ఎవురి పేరుకు రాయాల?" అని అడిగాడు.

"బండి ఇద్దరిదీ," అని మునిరత్నం అప్పుడు నోరు తెరిచాడు, తల వంచుకుని. "బావ పేరుకే రాయండి."

మళ్ళీ గుడియాత్తం

రెండు సీట్ల కారు కొనడానికి ముగ్గురం పోయామన్న సంగతి కాగితాల పని అయ్యాక గానీ మాకు తట్టలేదు. కస్తూరి పోయి సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. మునిరత్నం బస్సులో వచ్చాడు. ఆ బస్సులో వాడు ఎవరికి ఏం చెప్పాడో, మూటల కథ మాకంటే ముందు ఊరు చేరింది. దారిలో పెట్రోలుకూ, బత్తాయి రసానికీ ఆగడం మా తప్పు.

తర్వాతి ఆదివారం మోర్ధానా డ్యాము దాకా పోదామన్నాడు వాడు. తనే తోలతానన్నాడు. బండి వాడిది కూడా కాబట్టి తాళం ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక ఒక మేక అడ్డం వచ్చింది. గేరు దించాలనుకున్నాడు. వాడి ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి, లేక, బ్రేకు మీద పడింది. అదీ క్లచ్ తొక్కినట్టు బలంగా. బండి నిలువునా ఆగింది. వాడి నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. వెనక వస్తున్న స్కూటరు వాడు తిట్టుకుంటూ పక్కకు పోయాడు. మళ్ళీ బయల్దేరాం. వేగం తగ్గించాల్సి వచ్చిన ప్రతిచోటా అదే పని. మూడోసారి బండి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఇది చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఊళ్ళో ఒక్క కథ పుట్టలేదు.

"ఈ ఎడమ కాలు మాట ఇనేదిల్లే బావా," అన్నాడు నుదురు రుద్దుకుంటూ. "ఏం జెయ్యాల దీన్ని?"

"ఇంట్లో పెట్టి రాపోరా," అన్నాను. "ఈ బండికి ఒకటి చాలు."

వాడు దిగి ఇటు వచ్చాడు. నేను దిగి అటు పోయాను.